ఇన్‌టేక్ రన్నర్ పొడవు: పెంచాలా, తగ్గించాలా, ముట్టుకోకుండా వదిలేయాలా?

"రన్నర్ పొడుగైతే పికప్, పొట్టిదైతే టాప్ ఎండ్." ఆటోనగర్ షెడ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. రన్నర్ అంటే ఇంజన్ వాల్వ్ దాకా గాలిని తీసుకెళ్లే పైపు, టాప్ ఎండ్ అంటే ఇంజన్ బాగా వేగంగా తిరిగేటప్పటి బలం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అసలు ప్రశ్నలకు అది జవాబు చెప్పదు: ఎంత పొడుగు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచిన పొడుగు, ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర లాభం, ఎక్కడ నష్టం? ఇవి తేల్చుకోకుండా పైపు కోస్తే బండి శబ్దం మారుతుంది, అంతే.

ముందుగా ఒక సంగతి. రన్నర్ పొడవు మార్చితే ఇంజన్‌కు కొత్త శక్తి రాదు. ఉన్న టార్క్ (తిప్పే బలం) ఒక ఆర్‌పీఎం దగ్గర నుంచి ఇంకో ఆర్‌పీఎం దగ్గరికి జరుగుతుంది. ఒకచోట ఐదు శాతం పెరిగితే బాగా కుదిరినట్టే. ఆ ఐదుకి బదులుగా ఇంకోచోట మూడో నాలుగో పోతుంది. కాబట్టి ఎంచుకోవాల్సింది పైపుని కాదు, మీ బండి ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో ఉంటుందో దాన్ని. విశాఖలో ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా సిగ్నళ్ల మధ్య నడిచే బైక్, అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు, మూడో గేరు మార్చుకుంటూ ఎక్కే బైక్, కోయంబత్తూర్ కారి ట్రాక్ మీద తిరిగే విద్యార్థుల కారు: మూడింటికీ ఇంజన్ ఒకటే అయినా సరైన పొడవు ఒకటి కాదు.

లోపల జరిగేది

పిస్టన్ కిందికి దిగి గాలిని లాగినప్పుడు ఇన్‌టేక్ వాల్వ్ దగ్గర ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోయిన ఒత్తిడి ఒక కెరటంలా రన్నర్‌లో బయటికి పరుగెడుతుంది. రన్నర్ మూతి ఎయిర్ బాక్స్‌లోకో ప్లీనంలోకో (రెండూ గాలి నిలవ ఉండే డబ్బాలే) తెరుచుకునే చోట అది తలకిందులై, ఎక్కువ ఒత్తిడి కెరటంగా మారి వెనక్కి వస్తుంది. హార్బర్ గోడకు కొట్టుకున్న అల ఉన్నది ఉన్నట్టే తిరిగొస్తుంది. మూసి ఉన్న వాల్వ్ ఆ గోడలా పనిచేస్తుంది. తెరిచి ఉన్న మూతి మాత్రం అలను తిప్పేసి పంపుతుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా లెక్కే. తిరిగొచ్చిన ఎక్కువ ఒత్తిడి కెరటం వాల్వ్ మూసుకోబోయే ముందు చేరితే, పిస్టన్ పైకి రావడం మొదలెట్టినా గాలి వెనక్కి పోకుండా ఇంకొంచెం లోపలికి దూరుతుంది. ఆలస్యమైతే మూసిన తలుపు కొట్టినట్టే.

కెరటం వేగం ధ్వని వేగమే. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ వాల్వ్ తెరిచి ఉండే సమయం తగ్గుతుంది కాబట్టి కెరటం నడిచే దారి కూడా తగ్గాలి. ఎక్కువ ఆర్‌పీఎంకి పొట్టి రన్నర్ అనేది ఇందుకే.

లెక్క ఎలా వేయాలి

అన్నిటికన్నా సులువైనది వర్క్‌షాపుల్లో ఏళ్లుగా నడుస్తున్న కొండగుర్తు: 10,000 ఆర్‌పీఎంకి 17.8 సెంటీమీటర్లు, అక్కడి నుంచి తగ్గే ప్రతి 1,000 ఆర్‌పీఎంకి 4.3 సెంటీమీటర్లు కలపాలి. అంటే:

9,000 ఆర్‌పీఎంకి 22.1 సెం.మీ.
8,000కి 26.4
7,000కి 30.7
6,000కి 35.0
5,000కి 39.3
4,000కి 43.6

ఈ పొడవు వాల్వ్ సీటు దగ్గర నుంచి తెరిచిన మూతి దాకా. చాలామంది తప్పు ఇక్కడే చేస్తారు. సిలిండర్ హెడ్ లోపలి పోర్ట్ (వాల్వ్ దాకా వెళ్లే దారి), రబ్బరు ఇన్సులేటర్, థ్రాటిల్ బాడీ (గాలి దారిని తెరిచి మూసే భాగం), దాని వెనక బెల్‌మౌత్ (గరాటులా తెరుచుకునే మూతి), అన్నీ లెక్కలోకి వస్తాయి. మానిఫోల్డ్ ఒక్కదాన్నే కొలిచి "నాది 12 సెంటీమీటర్లే, 26 కావాలంట" అని 14 కలిపేస్తే, అసలు పొడవు 40 దాటిపోయి 9,000 దాకా తిరగాల్సిన ఇంజన్ 6,000 దగ్గరే ఆయాసపడుతుంది.

పోర్ట్ కొలవడానికి హెడ్ విప్పనక్కర్లేదు. మెత్తటి వెల్డింగ్ తీగను పోర్ట్ వంపుకి తగ్గట్టు వంచి, ఫ్లాంజ్ (హెడ్‌కి పైపు బిగించే అంచు) వైపు నుంచి మూసి ఉన్న వాల్వ్ తలకు తగిలేదాకా పంపి, ఫ్లాంజ్ అంచు దగ్గర గుర్తు పెట్టి తీసి కొలవండి. తీగ పోర్ట్ గోడను కాకుండా మధ్య గీతను అనుసరించాలి. వంపు లోపలి వైపు కొలిస్తే పొడవు తక్కువ చూపిస్తుంది, బయటి వైపు కొలిస్తే ఎక్కువ.

రెండో పద్ధతిలో డిగ్రీలతో లెక్క. కెరటం వెళ్లి రావడానికి పట్టే సమయంలో క్రాంక్ సుమారు 70 నుంచి 90 డిగ్రీలు తిరగాలని అనుకుంటే, పొడవు = ధ్వని వేగం × డిగ్రీలు ÷ (12 × ఆర్‌పీఎం). సెకనుకు 350 మీటర్లు, 75 డిగ్రీలు, 8,000 ఆర్‌పీఎం వేస్తే 27.3 సెంటీమీటర్లు వస్తుంది. 1960లో క్రైస్లర్ తన 300ఎఫ్ కార్లలో 30 అంగుళాల రామ్ పైపులు పెట్టింది ఈ సూత్రం మీదే. పైపు అంత పొడుగు కావడానికి కారణం, వాళ్లు కోరుకున్న టార్క్ 2,800 ఆర్‌పీఎం దగ్గర ఉండటమే.

మూడోది హెల్మ్‌హోల్ట్జ్ లెక్క. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా, సిలిండర్‌ని సీసాగా, రన్నర్‌ని దాని మెడగా తీసుకుంటుంది ఇది. ఇందులో పొడవుతో పాటు వ్యాసం కూడా లెక్కలోకి వస్తుంది, అదే దీని గొప్ప. కొలతలన్నీ మీటర్లలో, కంప్రెషన్ అంటే కంప్రెషన్ నిష్పత్తిగా వేసుకుంటే: ఆర్‌పీఎం = 4.55 × ధ్వని వేగం × వర్గమూలం [2 × రన్నర్ వైశాల్యం × (కంప్రెషన్ − 1) ÷ (పొడవు × సిలిండర్ ఘనపరిమాణం × (కంప్రెషన్ + 1))]. 89 × 60 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న 373 సీసీ సింగిల్‌కి (ఒకే సిలిండర్ ఇంజన్), 40 మి.మీ. రన్నర్, 12.6 కంప్రెషన్ వేసుకుంటే 30 సెంటీమీటర్ల పొడవు దాదాపు 6,950 ఆర్‌పీఎంకి కుదురుతుంది. అదే ఇంజన్‌ని 8,000 దగ్గర లాగించాలంటే 22.7 సెంటీమీటర్లు చాలు.

అంటే ఒకే ఇంజన్‌కి, ఒకే 8,000కి, మూడు జవాబులు: 26.4, 27.3, 22.7. ఏది నిజం? ఏదీ మిల్లీమీటరు వరకూ నిజం కాదు. క్యామ్ డ్యూరేషన్ (వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంటుందనేది), ఎగ్జాస్ట్, ఎయిర్ బాక్స్ అన్నీ కలిసి అసలు సంఖ్యను అటూ ఇటూ లాగుతాయి. ఈ లెక్కలు మీకిచ్చేది వెతకాల్సిన చోటు: 22 నుంచి 28 సెంటీమీటర్ల మధ్య. ఈ ఇంజన్‌లో పోర్ట్ 9, థ్రాటిల్ బాడీ రబ్బరుతో కలిపి 8 సెంటీమీటర్లు అనుకుంటే మీ చేతిలో ఉన్నది 5 నుంచి 11 సెంటీమీటర్ల బెల్‌మౌత్ మాత్రమే. ఇంత పెద్ద శాస్త్రమంతా చివరికి అరచేతిలో పట్టే ఆ గరాటు దగ్గరికి వచ్చి ఆగుతుంది.

తెరిచిన మూతి దగ్గర కెరటం సరిగ్గా అంచు మీదే తిరగదు, కొంచెం బయటికి వెళ్లి తిరుగుతుంది. అందుకని లెక్కలో వచ్చిన పొడవులోంచి వ్యాసంలో సుమారు మూడో వంతు తీసేయాలి, 40 మి.మీ. పైపుకి 12 నుంచి 16 మి.మీ. ఇక 8,000 దగ్గర ఒక సెంటీమీటరు తేడా 200 నుంచి 300 ఆర్‌పీఎం జరుపుతుంది. కాబట్టి రెండు మిల్లీమీటర్ల కోసం లేత్ దగ్గర కీచులాడుకోవడం అనవసరం.

విశాఖ గాలి సంగతి

ధ్వని వేగం గాలి ఒత్తిడి మీద కాదు, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. రన్నర్‌లో గాలి 25 డిగ్రీలుంటే సెకనుకు 346 మీటర్లు, 50 డిగ్రీలైతే 360. నాలుగు శాతం తేడా. జనవరి ఉదయం 8,000 దగ్గర కుదిరిన పొడవు, మే మధ్యాహ్నం ఎయిర్ బాక్స్ ఉడికిపోయినప్పుడు 8,300 దగ్గర పనిచేస్తుంది. వీధి బండికి ఇది పట్టించుకోనక్కర్లేదు. లెక్కలో 350 వేసుకుంటే చాలు.

అరకు ఎక్కితే రన్నర్ మార్చాలా అని అడిగేవాళ్లకు జవాబు: అక్కర్లేదు. పైన గాలి పలచబడి శక్తి తగ్గుతుంది కానీ కెరటం ప్రయాణ సమయం ఉష్ణోగ్రత మేరకే మారుతుంది.

తేమ ఇంకో కథ. 35 డిగ్రీల ఎండలో 75 శాతం తేమ ఉన్నప్పుడు గాలిలో నాలుగు శాతం పైగా నీటి ఆవిరే. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గినట్టు. కెరటం వేగం మాత్రం ఒక శాతం లోపే మారుతుంది. అంటే మన ఊళ్లో ఉక్కపోత పొడవుని చెడగొట్టదు, పరీక్షని చెడగొడుతుంది. ఉదయం పాత పైపుతో, సముద్రపు గాలి మళ్లాక సాయంత్రం కొత్త పైపుతో డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) రన్ తీస్తే, మీకు కనిపించే తేడా పైపుదో వాతావరణానిదో తేలదు.

ఇక ఎంపికలు

సిటీ బైక్, 100 నుంచి 160 సీసీ, స్టాక్ (కంపెనీ ఇచ్చిన) క్యామ్: ముట్టుకోకండి. కంపెనీ ఇచ్చిన పొడవు, ఎయిర్ బాక్స్, దాని మూతి పైపు కలిపి ఒక కుటుంబంలా కుదిర్చినవి. ఎయిర్ బాక్స్ మూత తీసేసి కోన్ ఫిల్టర్ పెడితే శబ్దం పెరుగుతుంది, చెవికి బలం వచ్చినట్టుంటుంది, మధ్య ఆర్‌పీఎంలో టార్క్ పోతుంది. కార్బురేటర్ బండ్లలో మానిఫోల్డ్ పొడుగు చేస్తే ఇంకో తంటా. పెట్రోల్ గోడలకు తడిలా అంటుకుని, ఉదయం చల్లగా స్టార్ట్ చేసినప్పుడు మిస్ కొడుతుంది. థ్రాటిల్ టక్కున తిప్పితే ఒక క్షణం ఖాళీ. ఆ డబ్బుతో వాల్వ్ క్లియరెన్స్ సరిచేయించి, ఫిల్టర్ మార్చి, చైన్ స్ప్రాకెట్ చూపించుకోండి. లాగుడు నిజంగా చాలకపోతే వెనక స్ప్రాకెట్‌కి రెండు పళ్లు పెంచడం రన్నర్ కన్నా చవక, ఫలితం ఖాయం.

350 సీసీ లాంగ్ స్ట్రోక్ బండ్లు: క్లాసిక్ 350 లాంటి వాటికి 27 న్యూటన్ మీటర్ల టార్క్ 4,000 ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది. అక్కడ ఇంకా పెంచాలంటే కొండగుర్తు ప్రకారం 44 సెంటీమీటర్ల దారి కావాలి. ట్యాంక్ కింద అంత చోటు లేదు. పొట్టి చేస్తే లాభం 6,000 పైన వస్తుంది, ఆ బండి అక్కడికి వెళ్లేదే అరుదు. ఇక్కడా స్టాకే.

300 నుంచి 400 సీసీ ఇంజెక్షన్ సింగిల్, ఘాట్ రోడ్ల కోసం: ఇక్కడ పని ఉంది. సింహాచలం కొండ మలుపుల్లోనూ అనంతగిరి దారిలోనూ ఇంజన్ 4,500 నుంచి 7,000 మధ్య ఆడుతుంది. స్టాక్ అమరిక 9,000 దగ్గరి పవర్ కోసం పొట్టిగా ఉంటే, రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు పెంచితే మధ్యలో తేడా తెలుస్తుంది. దీనికి రెండు దారులు.

మొదటిది స్పేసర్. హెడ్‌కీ థ్రాటిల్ బాడీ రబ్బరుకీ మధ్య 10 నుంచి 25 మి.మీ. మందం గల హైలం (గట్టి ల్యామినేట్) షీట్ ముక్క. రంధ్రం లోపలి వ్యాసం పోర్ట్‌తో సరిగ్గా కలవాలి. అర మిల్లీమీటరు మెట్టు కూడా గాలికి అడ్డే. మెట్టు తప్పనిసరైతే గాలి వెళ్లే దిశలో కిందకు దిగేలా ఉండాలి, ఎదురుగా అంచు పొడుచుకు రాకూడదు. హైలం వేడిని ఆపుతుంది కాబట్టి వేసవిలో అదొక లాభం. బోల్టులు స్పేసర్ మందం మేర పొడుగువి వేయాలి, హెడ్ అల్యూమినియంలో కనీసం బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు మర పట్టాలి. మర్చిపోయేదేమిటంటే థ్రాటిల్ కేబుల్, ఎయిర్ బాక్స్ రబ్బరు కూడా అంతే దూరం వెనక్కి జరగాలి. రబ్బరు సాగదీసి బిగిస్తే వారం తర్వాత క్లాంప్ జారి, వడపోత లేని గాలి లోపలికి పోతుంది.

రెండోది ఎయిర్ బాక్స్ లోపల పొడుగు బెల్‌మౌత్. బయటికి కనిపించదు, ఏమీ జరపనక్కర్లేదు, తీసేయాలంటే పది నిమిషాలు. రెంటిలో ఇదే మేలు. నియమాలు రెండే: మూతి అంచు గుండ్రంగా, వ్యాసంలో కనీసం ఐదో వంతు వ్యాసార్ధంతో బయటికి మడిచి ఉండాలి, ఆ మూతికీ ఎదురుగా ఉన్న బాక్స్ గోడకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. 40 మి.మీ. పైపుకి 40 మి.మీ. ఖాళీ. దానికన్నా దగ్గరైతే పొడవు వల్ల వచ్చిన లాభం ఇరుకులో పోతుంది.

త్రీడీ ప్రింట్ చేయించుకునేవాళ్లు పీఎల్ఏ (మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్) వాడకండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో బీచ్ రోడ్డు మీద ఎండలో ఆపిన బండి సీటు కింద, కింది నుంచి ఇంజన్ వేడి కూడా తోడైతే ఆ గీత దాటొచ్చు. నైలాన్ లేదా కార్బన్ ఫైబర్ కలిసిన నైలాన్ మంచిది. ఏదైనా సరే పొరలు విడిపోయి ముక్క ఊడితే నేరుగా వాల్వ్ కిందికే వెళ్తుంది. కాబట్టి స్క్రూలతో కాకుండా బయటి నుంచి క్లాంప్‌తో పట్టించండి, నెలకోసారి విప్పి చూడండి.

ట్రాక్ కోసమే ఉన్న సింగిల్: ఎదురు దిశ. 8,500 పైన నడిచేవాళ్లు మొత్తం 22 నుంచి 24 సెంటీమీటర్లకు తగ్గించుకోవచ్చు. కానీ పొడవు ముట్టుకునే ముందు వ్యాసం చూడండి. సగటు గాలి వేగం = పిస్టన్ సగటు వేగం × (బోర్ ÷ రన్నర్ వ్యాసం) వర్గం. పైన చెప్పిన 373 సీసీ ఇంజన్‌లో 8,000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 16 మీటర్లు, 40 మి.మీ. రన్నర్‌లో గాలి 79 మీటర్లు. 70 నుంచి 90 మధ్య ఉంటే సరే. 60కి పడిపోయిందంటే పైపు మరీ వెడల్పు, అప్పుడు ఎంత పొడవు పెట్టినా కింద ఆర్‌పీఎంలో ఇంజన్ బద్ధకంగానే ఉంటుంది. "పెద్ద థ్రాటిల్ బాడీ, పెద్ద పవర్" అనే నమ్మకం వల్ల పాడైన ఇంజన్లు పొడవు తప్పిన ఇంజన్ల కన్నా ఎక్కువే ఉంటాయి.

నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు: స్టాక్ ప్లాస్టిక్ మానిఫోల్డ్ పాములా చుట్టుకుని ఉండటానికి కారణం అందం కాదు, చిన్న చోట్లో పొడుగు దారి ఇరికించడం. దాన్ని తీసి పొట్టి రన్నర్లతో సిలిండర్‌కో థ్రాటిల్ పెట్టాలనే కోరిక చాలామందికి ఉంటుంది. దాని ఖర్చంతా లెక్క చూసుకోండి. 3,000 కింద లాగుడు పోతుంది; హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఏసీ ఆన్‌లో ఉండగా క్లచ్ వదిలితే తెలుస్తుంది. నాలుగు థ్రాటిళ్లు ఒకేలా తెరుచుకునేలా సింక్ చేయాలి. మానిఫోల్డ్ ఒత్తిడి సంకేతం గందరగోళంగా వస్తుంది కాబట్టి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాప్ థ్రాటిల్ కోణం ఆధారంగా మళ్లీ రాయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేక్: బూస్టర్‌కి వ్యాక్యూమ్ స్టాక్ మానిఫోల్డ్ నుంచే వస్తుంది. నాలుగు రన్నర్ల నుంచీ సన్నటి గొట్టాలు తీసి ఒక చిన్న డబ్బాలో కలిపి, దాన్నుంచి వన్ వే వాల్వ్ ద్వారా బూస్టర్‌కి ఇవ్వాలి. ఒక్క రన్నర్ నుంచి మాత్రమే తీసుకుంటే పెడల్ గట్టిపడుతుంది. వీధి కారుకి ఇది వద్దనే మా మాట.

టర్బో కారు: గాలిని టర్బో తోస్తున్నప్పుడు రన్నర్ కెరటం తెచ్చే లాభం చిన్నది. సిలిండర్లన్నిటికీ సమానంగా పంచే ప్లీనం, చల్లటి ఇంటర్‌కూలర్ ముఖ్యం. పొడవు జోలికి పోకండి. టూ స్ట్రోక్ ఆర్ఎక్స్100 అభిమానులకూ ఇదే మాట, కారణం వేరు: రీడ్ వాల్వ్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ చాంబర్ చేసే పని ముందు ఇన్‌టేక్ పొడవు చాలా చిన్న విషయం.

రెండు పొడవుల అమరిక: కింద పొడుగు, పైన పొట్టి, రెండూ కావాలనుకునేవాళ్లకు. 2007 నుంచి యమహా ఆర్1లో ఫనల్ పైభాగం మోటార్‌తో పైకి లేచి పొడవు మారేది. 1991లో లే మాన్స్ గెలిచిన మాజ్డా 787బీలో ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి పైపులు జరుగుతూ ఉండేవి. ఫార్ములా వన్‌లో 2006లో దీన్ని నిషేధించారంటే పనిచేయదని కాదు కదా. సొంతంగా చేసుకోవాలంటే సర్వోతో (చిన్న మోటార్) తెరుచుకునే పక్క ద్వారం తేలిక. మూసినప్పుడు లీక్ లేకపోవడమే కష్టం. మారే ఆర్‌పీఎం ఊహించి పెట్టకూడదు. పొడుగుతో ఒక రన్, పొట్టితో ఒక రన్ తీసి, రెండు టార్క్ గీతలు ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతాయో అక్కడ పెట్టాలి. తిరిగి మూసుకునేది దానికి 200 ఆర్‌పీఎం కింద ఉంచండి, లేకపోతే ఆ చోట సర్వో టకటకా కొట్టుకుంటుంది. వీధి బండికి ఇంత తతంగం సరదా కోసం తప్ప దండగే.

విద్యార్థుల ఫార్ములా కారు

నగరంలో ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి, ఫార్ములా భారత్, సుప్రా పోటీలకు వెళ్లాలనుకునే జట్లకు ఇది విడిగా చెప్పాలి. పెట్రోల్ ఇంజన్‌కి 20 మి.మీ. రెస్ట్రిక్టర్ (గాలి దారిని ఇరుకు చేసే రంధ్రం) నియమం ఉంది. వరస థ్రాటిల్, రెస్ట్రిక్టర్, తర్వాత ఇంజన్. 35 డిగ్రీల గాలిలో 20 మి.మీ. రంధ్రం గుండా సెకనుకు 73 గ్రాములకు మించి గాలి పోదు, ఎంత లాగినా సరే. 373 సీసీ సింగిల్ 9,000 దగ్గర సగటున తాగేది 32 గ్రాములే. మరి సమస్య ఎక్కడ? సింగిల్ ఇంజన్ ప్రతి రెండు చుట్లలో మూడో వంతు సమయమే పీలుస్తుంది. ఆ కొద్దిసేపు దానికి కావలసింది సెకనుకు 96 గ్రాముల వేగం. రెస్ట్రిక్టర్ అక్కడ గొంతు పట్టుకుంటుంది. మధ్యలో ప్లీనం చెరువులా నిలవ ఉంచితేనే ఇంజన్ పీల్చని సమయంలో అది నిండుతుంది.

కాబట్టి సింగిల్ జట్టు ముందు ప్లీనం పరిమాణం తేల్చాలి, తర్వాతే రన్నర్. ఇంజన్ సీసీకి ఎనిమిది పది రెట్లు, అంటే మూడు నుంచి నాలుగు లీటర్లు మంచి ఆరంభం. ఇంకా పెంచితే థ్రాటిల్ తొక్కాక ఇంజన్ స్పందించడానికి ఆలస్యమవుతుంది, ఆటోక్రాస్ మలుపుల్లో అది ప్రాణం తీస్తుంది. నాలుగు సిలిండర్ల 600 సీసీ జట్టుకి ఈ బాధ తక్కువ, పీల్పులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వాళ్లకు చిన్న ప్లీనం చాలు. రెస్ట్రిక్టర్ తర్వాతి శంకువు ఒక్కో వైపు 4 నుంచి 7 డిగ్రీలు తెరుచుకోవాలి. చోటు లేదని తొందరగా వెడల్పు చేస్తే గాలి గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది.

రన్నర్ గురి 9,000 మీద పెట్టకండి. ఎండ్యూరెన్స్ 22 కిలోమీటర్లలో కారు ఎక్కువసేపు మలుపుల్లోంచి బయటికి వస్తూ 6,000 నుంచి 7,500 మధ్యే ఉంటుంది. 7,000 గురిగా 30 సెంటీమీటర్లతో మొదలుపెట్టండి. రన్నర్ మూతి ప్లీనం గోడతో సమంగా ఆగకుండా బెల్‌మౌత్‌తో లోపలికి చొచ్చుకుని ఉంటే మంచిది. వంపులు తప్పకపోతే మధ్య గీత వ్యాసార్ధం పైపు వ్యాసానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు.

పరీక్షకు ఒక జరిగే పైపు చేసుకోండి. 40 మి.మీ. లోపలి వ్యాసం గల అల్యూమినియం పైపు, దాని మీద జారే ఇంకో పైపు, మధ్యలో రెండు ఓ రింగులు, బయట సెంటీమీటరు గుర్తులు, బిగించడానికి ఒక క్లాంప్. లేత్ పని ఒక రోజుది. డైనో మీద 22, 25, 28, 31 దగ్గర రన్లు తీసి, నచ్చినది దొరికాక ఆ పొడవుకి స్థిరమైన పైపు టిగ్ వెల్డింగ్ చేయించండి. మొదటే పొట్టిగా కోసేసిన పైపుకి మళ్లీ ముక్క అతికించడం నరకం, కాబట్టి ఎప్పుడూ పొడుగు నుంచి పొట్టికి రండి.

పరీక్ష, ఇంధనం, చెడిపోయే చోట్లు

ప్రతి పొడవుకీ మూడు రన్లు, ఇంజన్ ఆయిల్ ఒకే వేడిలో, ఒకే గేరులో. చివర మళ్లీ మొదటి పొడవుతో ఒక రన్ తీయండి. మొదటి అంకె తిరిగి రాకపోతే మధ్యలో వాతావరణమో టైరో ఏదో మారింది, ఆ పూట ఫలితాలన్నీ పక్కన పెట్టాలి. గాలి ఉష్ణోగ్రత, ఒత్తిడి, తేమ రాసుకోండి. హైవే మీద స్టాప్ వాచ్‌తో పోలిక ప్రమాదమే కాదు, అబద్ధం కూడా. గాలి, వాలు రెండూ ఫలితాన్ని మింగేస్తాయి.

పొడవు కుదిరిన చోట ఎక్కువ గాలి వస్తుంది, అంటే అక్కడే పెట్రోల్ చాలదు. పికప్ పెరుగుతుందని చూస్తే బండి ఒక ఆర్‌పీఎం దగ్గర తడబడితే, అది తరచుగా పైపు తప్పు కాదు, లీన్ అయిందని (గాలికి తగ్గ పెట్రోల్ లేదని) అర్థం. ఫుల్ థ్రాటిల్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ మీద లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పే అంకె) 0.86 నుంచి 0.90 మధ్య ఉండేలా మ్యాప్ సరిచేయాలి. బంకుల్లో ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ కాబట్టి, ఇథనాల్ లేని పెట్రోల్‌కి సరిపోయే 14.7 గాలి పాలు ఆధారంగా చూపే పాత మీటర్ల అంకెలు నమ్మకుండా లాంబ్డాలోనే చూడండి. స్టాక్ ఆక్సిజన్ సెన్సర్ దీన్ని సరిదిద్దదు. అది నిదానంగా వెళ్లేటప్పుడే పనిచేస్తుంది, ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ దాన్ని పట్టించుకోదు.

ఐడిల్ పెరిగి కిందికి దిగకపోతే గాలి లీక్. కొత్త గాస్కెట్ చుట్టూ సబ్బు నీళ్లతో చూడలేం, అక్కడ లోపలికే లాగుతుంది. పొగ పరీక్ష చేయించండి. వేడి సైలెన్సర్ పక్కన కార్బ్ క్లీనర్ కొట్టి చూసే అలవాటు మానుకోవాలి, మంట అంటుకుంటుంది. టార్క్ అసలు మారలేదంటే ఎయిర్ బాక్స్ మూతి ఇరుకో, ఎగ్జాస్ట్ ఎదురు తిరుగుతోందో చూడండి. లాభం రెవ్ లిమిటర్ (ఇంజన్ ఆర్‌పీఎంకి పెట్టిన హద్దు) పైన పడిందంటే మరీ పొట్టి చేశారు.

ఆర్కే బీచ్, భీమిలి దారిలో తిరిగే బండికి వడపోత లేని తెరిచిన బెల్‌మౌత్ పెట్టడం ఇంజన్‌కి ఇసుక తినిపించడమే. ఉప్పుగాలిలో అల్యూమినియం ఫ్లాంజ్‌లో స్టీల్ బోల్టులు రెండు వర్షాకాలాలకే పట్టేస్తాయి, విప్పితే మర ఊడి వస్తుంది. బిగించేటప్పుడే యాంటీ సీజ్ పూయండి, సిలికాన్ హోస్‌లకు స్టెయిన్‌లెస్ క్లాంపులు వాడండి.

రోడ్డు మీద నడిచే బండి అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. ఎయిర్ బాక్స్ లోపలి బెల్‌మౌత్ అయినా సరే స్టాక్ భాగాన్ని పారేయకుండా అట్టపెట్టెలో దాచుకోండి.